అరిగిపోని గొంతు

అలెగ్జాండ్రియాలో ఉన్న మా అక్క నఫీసాకు,

నీ చెల్లెలు సెకీనా రాస్తున్నది. ఫోను చేస్తే నువ్వు "ఎలా ఉన్నావే?" అంటావు, నేను "అల్లా దయ" అంటాను, ఆ తరువాత ఇద్దరం ఏడుస్తాం, చెప్పవలసింది చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకే కాగితం పట్టుకున్నాను. ఈ అక్షరాలు నా బిడ్డ నబ్రా నేర్పినవే. తప్పులుంటే దాన్నేమీ అనకు, నన్ను తిట్టు.

నబ్రా పోయిన రోజు టీవీ మీద కప్పిన గుడ్డ ఇంకా తీయలేదు. పక్కింటి హోస్నా రోజూ ఏదో ఒకటి వండి తెస్తుంది. నిన్న ములూఖియా కూర తెచ్చి, "తినవే, ఉప్పు ఎక్కువైందని తిట్టడానికైనా తిను" అంది. నిజంగానే ఉప్పు ఎక్కువైంది. తిట్టాను. దానికి సంతోషం వేసింది పాపం.

నీతో ఒక సంగతి చెప్పాలి. ఇది హోస్నాకు కూడా తెలియదు. నబ్రా నా చేత మన భాష మాట్లాడించి రికార్డు చేసేదని నీకు తెలుసు కదా. దాని చదువంతా అరబ్బీలోనే సాగింది. మన భాష వింటే అర్థమయ్యేది కానీ నోరు తిరిగేది కాదు. పెద్దదయ్యాక దానికి ఆ పట్టుదల పట్టుకుంది. చిన్న రికార్డర్ తెచ్చి నా పెనం పక్కన పెట్టేది. "మాట్లాడమ్మా" అనేది. "ఏం మాట్లాడనే, ఈ రొట్టె గురించా?" అంటే, "రొట్టె గురించే మాట్లాడు" అనేది. నేను మాట్లాడేదాన్ని, అది మధ్యలో ప్రశ్నలు వేసేది, నవ్వేది. ఆ నవ్వంతా అందులో ఉంది అక్కా. కిడ్నీల జబ్బు ముదిరి, మాట సన్నబడిపోయిన రోజుల్లో కూడా అది ప్రశ్నలు మానలేదు.

దాని స్నేహితురాలు ఇల్హామ్ గుర్తుందా? అస్వాన్‌లో కలిసి చదువుకున్నారు. ఆ మాటలన్నీ కాగితం మీద పెట్టి, వేసవి సెలవుల్లో మన ఊరి ఆడపిల్లలకు నేర్పాలని ఇద్దరూ అనుకున్నారు. నలభయ్యో రోజు ప్రార్థనలు అయ్యాక ఇల్హామ్ నా దగ్గర కూర్చుని, "పిన్నీ, ఆ రికార్డర్ ఇస్తే మిగిలింది నేను పూర్తి చేస్తాను. కాస్త సమయం పడుతుంది. ఒక్కో మాట రాయాలంటే పదేసి సార్లు వెనక్కి తిప్పి వినాలి కదా" అంది.

ఆ మాట వినగానే మా ఆయన దావూద్ కువైట్ నుంచి పంపిన ఆఖరి క్యాసెట్ గుర్తొచ్చింది. మనందరి ఇళ్ళలో ఉత్తరాలంటే అవే కదా అప్పట్లో. బ్యాటరీ ఖర్చవుతుందని పెన్సిలు దూర్చి వెనక్కి తిప్పేవాళ్ళం. ఆయన పోయాక దాన్ని తిప్పి తిప్పి విన్నాను. మొదట మాట పలచబడింది, తరువాత బుడబుడమంది, చివరికి టేపు ముడతలు పడి మిషను మింగేసింది. అంతకుముందు వచ్చిన క్యాసెట్లయితే మన జవాబులు వాటి మీదే చెప్పి తిరిగి పంపేశాం. మన మాట ఎక్కిన చోటల్లా ఆయన మాట చెరిగిపోయింది. ఈ రోజు నా దగ్గర ఆయన గొంతు ఒక్క ముక్క కూడా లేదు.

నబ్రా గొంతును కూడా అలా అరగదీయమంటావా? ఇల్హామ్‌తో "కనబడడం లేదు తల్లీ, ఎక్కడ పోయిందో" అన్నాను. పోలేదు. పప్పు డబ్బాలో ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక తీసి కాసేపు వింటాను. ఎంత బాగున్నా వెనక్కి మాత్రం తిప్పను. ఇవ్వకూడదనే నిర్ణయించుకున్నాను. ఈ సంగతి నీలోనే ఉంచుకో.

నీ చెల్లెలు
సెకీనా

*

అక్కా,

నీ ఉత్తరం చేరింది. "దాచుకోవే, కూతురి గొంతు మీద తల్లికి కాక ఎవరికి హక్కు?" అని రాశావు. చదివి గుండె నిబ్బరం చేసుకున్నాను. ఆ నిబ్బరం శుక్రవారం దాకానే నిలిచింది.

నమాజు అయ్యాక పప్పు డబ్బా తెరిచి బటన్ నొక్కితే పలకలేదు. మళ్ళీ నొక్కాను. చిన్న దీపం కూడా వెలగలేదు. నేనింత పొదుపుగా వింటున్నా అరిగిపోయిందే అని కేక పెట్టాను. నా కేక విని హోస్నా పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. రికార్డర్ చూసి, "ఇది పోయిందన్నావు కదే!" అంది. "పోలేదు, ఇప్పుడు పోయింది" అన్నాను. అది పిండి చేతులు తుడుచుకుంది. ఇల్హామ్‌కు ఫోను చేసింది.

ఇల్హామ్ వచ్చింది. నా అబద్ధం బయటపడింది కదా, తల ఎత్తలేకపోయాను. ఆ పిల్ల రికార్డర్ తిప్పి చూసి, దానికి ఒక తీగ తగిలించి గోడకు పెట్టింది. కొద్దిసేపటికి దీపం వెలిగింది. "ఛార్జింగ్ అయిపోయింది పిన్నీ, అంతే. నబ్రా లోపల భద్రంగా ఉంది" అంది. దాని చేతులు పట్టుకుని, వెనక్కి తిప్పితే అరుగుతుందని నాకున్న భయమంతా చెప్పేశాను. ముందు నవ్వింది, తరువాత కళ్ళు తుడుచుకుంది.

"ఇందులో టేపు లేదు పిన్నీ. ఏదీ దేనికీ ఒరుసుకోదు, అరగదు" అంది. నబ్రా వాడిన కంప్యూటర్ తెచ్చి అందులోకి మరో ప్రతి దించింది, తన దగ్గర ఉంచుకోవడానికి ఇంకొకటి దించింది. "ఇప్పుడు మూడు చోట్ల ఉంది" అంది. నాకు నమ్మకం కుదరలేదు. దావూద్ కోసం క్యాసెట్ కొన్నప్పుడు దుకాణంవాడు కూడా మీ మనవళ్ళ దాకా ఉంటుందని చెప్పాడు మరి.

"సరే, ముందు నా గొంతు మీద చూపించు. అరిగితే నాదే అరగనీ" అన్నాను.

అబ్రీ షర్బత్ ఎలా చేయాలో నేను చెప్పిన రికార్డు పెట్టింది. కంప్యూటర్లో ఉన్నది మామూలుగా పాటలు వినే ప్లేయరట. వెనక్కి వెళ్ళాలంటే ఒక సన్న గీతను వేలితో జరపాలి. వెంట్రుకవాసి జరిపితే మొదటికి పోతుంది, లేకపోతే చివరకు దూకుతుంది. పిండి నానబెట్టమని చెబుతున్నదాన్ని కాస్తా ఒక్కసారిగా షర్బత్ తాగేస్తున్నాను. హోస్నా పగలబడి నవ్వింది. "మా ఆయన కథ చెప్పినట్టే ఉంది, మధ్యభాగం ఉండదు" అంది. ఇల్హామ్ ఇంకో ప్లేయర్ పెట్టింది. అందులో వెనక్కి వెళితే పాటే మారిపోయింది. ఇల్హామ్ విసుక్కుంటూ చాలాసేపు వెతికింది. "ఇవన్నీ సరదాగా వినేవాళ్ళ కోసం చేసినవి పిన్నీ. విని రాసుకునేవాళ్ళ కోసం చేసినది ఒకటి కావాలి" అంది.

చివరికి దొరికింది. అందులో ఒక్క మీట నొక్కితే చాలు, మాట నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. అంతకంటే ఎక్కువా పోదు, తక్కువా పోదు. ఆపి మళ్ళీ మొదలుపెడితే, మనం ఆపిన చోటుకు కొంచెం ముందు నుంచి అందుకుంటుంది, చెప్పేది ఎక్కడ తెగిందో మరిచిపోయిన మనిషిలా కాకుండా. వేగం తగ్గించినా గొంతు మారదు. ఆ మీట మీద నా వేలు పెట్టించింది. నొక్కాను. "పిండి పులవాలి" అన్నాను కంప్యూటర్లోంచి. మళ్ళీ నొక్కాను. "పిండి పులవాలి." హోస్నా "పులిసిందిలే, ఇక ఆపు తల్లీ" అనేదాకా నొక్కుతూనే ఉన్నాను. ఆ పిండి చివరిసారి కూడా మొదటిసారి అంత గట్టిగానే పులిసింది.

అప్పుడు ఇల్హామ్, "ఇక్కడ ఇంకొకటి ఉంది పిన్నీ, నబ్రా నీ మాట పెట్టుకుని వింటూ, ఒక్కతే రికార్డు చేసుకున్నట్టుంది" అంటూ అది పెట్టింది.

ముందు నా గొంతు వచ్చింది. "గాలి మారింది, తలుపు వెయ్యి" అంటున్నాను మన భాషలో. తరువాత మీట చప్పుడు. మళ్ళీ నేను, "గాలి మారింది, తలుపు వెయ్యి." అప్పుడు నబ్రా ఆ మాటే అంది, తప్పుగా. "ఛ" అనుకుంది. మళ్ళీ మీట, మళ్ళీ నేను, మళ్ళీ అది. అలా ఎంతసేపో అక్కా. ఆయాసపడుతోంది, ఆగి ఊపిరి తీసుకుంటోంది, మళ్ళీ నన్ను వెనక్కి తిప్పుతోంది. నేను ఒక్కసారి కూడా విసుక్కోలేదు అందులో. నా గొంతు ఒక్క పోగు కూడా పలచబడలేదు. చివరికి దానికి నోరు తిరిగింది. అచ్చం మన అమ్మలా పలికింది. పలికి, ఎవరూ లేని గదిలో "విన్నావా అమ్మా?" అంది.

నేను వినలేదు అప్పుడు. ఇప్పుడు విన్నాను. మీట నొక్కాను. మళ్ళీ విన్నాను. చీకటి పడేదాకా ఇల్హామ్ నా చెయ్యి మీట మీంచి తీయలేదు.

సెకీనా

*

అక్కా,

ఇది చిన్న ఉత్తరం. నాకు తీరిక లేదంటే నమ్ముతావా?

ఇల్హామ్ గురువారాలు వస్తోంది. అది రాస్తుంది, నేను మీట నొక్కుతాను. నొక్కడం నాదే, ఎవరికీ ఇవ్వను. "ఈ మాటకు అర్థం ఏమిటి పిన్నీ?" అంటుంది, చెబుతాను. కొన్నిచోట్ల నబ్రా నన్నడిగి, నేను రొట్టె మాడుతోందని జవాబివ్వకుండా లేచిపోయినవి ఉన్నాయి. వాటికి ఇప్పుడు కూర్చుని జవాబులు చెబుతున్నాను. సెలవుల్లో నేర్చుకుంటామని హోస్నా మనవరాళ్ళు అప్పుడే పేర్లు ఇచ్చారు. హోస్నా కూడా వస్తానంది. "నీకు వచ్చిన భాషే కదే" అంటే, "ఎలా మాట్లాడకూడదో చూపించడానికి ఒకరు ఉండొద్దూ?" అంది. టీవీ మీద గుడ్డ తీయలేదు. కానీ ఇల్లు నిశ్శబ్దంగా లేదు.

ఒకచోట మాత్రం ఆగిపోయాం. పాత ఊరు ఆనకట్ట నీళ్ళలో మునగబోయే ముందు మనల్ని ఎక్కించుకున్న స్టీమరు కదులుతుంటే అమ్మ ఒడ్డు వైపు తిరిగి ఏదో పాడింది కదా. అది ఏమిటని నబ్రా అడిగింది. "నేను చిన్నదాన్నే, నాకు మొదటి మాట తప్ప గుర్తులేదు. మీ పెద్దమ్మనడుగు, దానికంతా తెలుసు" అన్నాను. "పెద్దమ్మా, నిన్నే అడుగుతాను" అంది నబ్రా. రికార్డు అక్కడితో ఆగింది. అడిగే వీలు దానికి దొరకలేదు.

అందుకని రికార్డరే నీకు పంపుతున్నాను, మన ఊరి బస్సు డ్రైవర్ ఇద్రీస్ చేతికి ఇచ్చి. భయపడకు, ప్రతులు ఇక్కడ ఉన్నాయి. ఎర్ర చుక్క ఉన్న బటన్ నొక్కి, మన అమ్మ పాడింది పాడు. గొంతు బొంగురుపోయిందని సాకులు చెప్పకు, ఇక్కడ అందరి గొంతులూ అంతే. దానికి ముందు నబ్రా అడిగింది ఒకసారి విను. నిన్ను పెద్దమ్మా అని పిలిచింది.

క్యాసెట్ రోజులు గుర్తొచ్చి నీ చెయ్యి ఆగుతుందని నాకు తెలుసు. ఆగనివ్వకు. నువ్వు ఎంత మాట్లాడినా నబ్రా మాట చెరిగిపోదు అక్కా. నువ్వు దాని పక్కన కూర్చుంటావు, అంతే.

నీ జవాబు కోసం మీట మీద వేలు పెట్టుకుని కూర్చున్న
నబ్రా తల్లి
సెకీనా