కట్ట మీద ఒక్కడు

శ్రీవారికి,
ఊపిరి పీల్చుకోండి. నిధుల్లేవని మునిసిపాలిటీలో నలభై పోస్టులు తీసేశారు. ఆ జాబితా టైపు చేసింది నేనే. మీ చెరువు దగ్గర నలుగురిలో ముగ్గుర్ని ఇంటికి పంపుతున్నారు. మిగిలింది మీరే. పక్క సీటావిడ నాతో మాట్లాడటం మానేసింది. ఆవిడ పేరూ నేనే కొట్టాను మరి.
మీ ఇంటిది

ప్రియమైన మా ఇంటి పెద్దాఫీసరుకి,
మేస్త్రీ వెళ్లిపోయాడు. ముప్ఫై ఏళ్లు ఈ కట్టని కన్నబిడ్డలా చూసుకున్న మనిషి. "నిన్నగాక మొన్న వచ్చావు, నిన్నెలా ఉంచార్రా?" అన్నాడు. కోపం లేదు, ఆశ్చర్యమే. నాకూ అదే. తూము తలుపు ఎత్తే చక్రం తిప్పాలంటే ఇద్దరుండాలి. ఒంటిచేత్తో చప్పట్లు కొట్టమన్నట్టుంది నా పని. కట్ట అడుగున ఊట పెరిగింది. ఇంజనీరుగారికి రెండు రిపోర్టులు పంపితే ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడ ఫోను తీగ తెగింది. అతికే మనిషి కూడా నీ జాబితాలోనే ఉన్నాడట.
నీ కాపలావాడు

శ్రీవారికి,
ఎలా ఉంచారని తవ్వకండి. ఉంచారు, అంతే. ఊట సంగతి ఇంజనీరుగారు చూసుకుంటారు. మీరు వేళకి తినండి.
మీ ఇంటిది

ప్రియమైన నీకు,
వారంగా వాన తెరిపివ్వలేదు. ఊట తేటగా ఉన్నంతకాలం భయం లేదనేవాడు మేస్త్రీ. నిన్నటి నుంచి మట్టి కలిసి ఎర్రగా వస్తోంది. ఐదో రిపోర్టూ పంపాను. జవాబు లేదు. ఆగలేక నేనే చక్రం పట్టుకున్నాను. జానెడు తిరిగి మొరాయించింది. నువ్వైనా ఆఫీసులో అడుగు. పిల్లని కట్ట కింది వీధి బడికి పంపకు.
నీవాడు

ఏమండీ,
ఈ ఉత్తరం మేస్త్రీగారి చేతికిచ్చి పంపుతున్నాను. మీ ఐదు రిపోర్టులూ తపాలా గుమాస్తా బల్ల మీదే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. ఆ కుర్చీలో మనిషి లేడు.
ఇంకోటి చెప్పాలి. "చెరువుకి ఎవరో ఒకరు చాలు, పేరు నువ్వే వెయ్యి" అన్నారు పైఆఫీసరు. వెయ్యాల్సింది మేస్త్రీగారి పేరని తెలిసే మీ పేరు వేశాను. ఇవాళ మేస్త్రీగారి గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పేశాను. "ఊట ఏ రంగులో ఉందమ్మా?" అని అడిగారు. చెప్పగానే చెప్పులేసుకున్నారు.
ఇద్దరూ కలిసి తూము తలుపు ఎత్తేయండి. ఉత్తర్వు కోసం చూడకండి. ఇంజనీరుగారి పోస్టు కూడా నిన్నటితో పోయింది.
నేనూ పిల్లా కింది వీధిలో ఇంటింటికీ తిరిగి తలుపులు తడుతున్నాం. "మునిసిపాలిటీ వాళ్లొచ్చి చెబితే కదులుతాం" అంటున్నారు. ఆఫీసులో మిగిలిన నలుగురిలో నేనొకదాన్నంటే నవ్వుతున్నారు.
మీ ఇంటిది