నబీకి చెప్పాల్సిన మాట

రెజిమెంటల్ బజార్, సికింద్రాబాద్

దేవమ్మక్కకు తమ్ముడు పురుషోత్తం నమస్కారాలు. ఫోన్‌లో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం.

నిన్న బోయిన్‌పల్లి వెళ్లి, మంచం పట్టిన మన నబీని చూశాను. "ఎవ్వర్నీ గుర్తుపడ్తలేడు భయ్యా, నన్ను సుత," అని అతని భార్య ఖమర్ బీ ఏడ్చింది.

ఎడారి యుద్ధంలో జర్మన్లకు పట్టుబడి, నాన్నా నబీ వాళ్ల నాన్నా పట్టుబడ్డ మన సిపాయిలతో జర్మన్లు కట్టిన పటాలంలో చేరారు కదా. అక్కడ హిందువులకూ ముస్లింలకూ వేరే కంపెనీలు లేవని, ఒకటే వంట అని నాన్న ఎంత గొప్పగా చెప్పేవాడు! అందుకే రెండిళ్ల పిల్లల్నీ వాకిట్లో ఒకే వరసలో నిలబెట్టి, జర్మన్‌లో ఆర్డరిచ్చి, ఆ తర్వాతే అన్నం పెట్టించేవాడు. ఆ వాకిలి ఇప్పుడు బండ్లు పెట్టుకునే జాగా అయింది.

ఏమీ తోచక నబీ చెవిలో నాన్న అటెన్షన్ ఆర్డరు, "ష్టిల్ గెష్టాండెన్!" అన్నాను. దుప్పటి కింద రెండు మడమలూ టక్కున కలిశాయి. మనిషి బిగుసుకుపోయాడు. కాళ్లు వదులు చేయమనే మాట ఒకటుండేది, అది వింటేనే అన్నానికి పరిగెత్తేవాళ్లం. అదేమో నాకు గుర్తు రాలేదు. "ఆరామ్" అంటే కదల్లేదు. "ఏం జేసినవ్ భయ్యా!" అంది ఖమర్ బీ.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే సోలాపూర్ దుప్పట్లు రెండు పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

అక్కా, వరసలో ముందు నిలబడేదానివి నువ్వే. ఆ మాట ఎవరితోనైనా ఫోన్ చేయించి చెప్పు. నబీ ఇంకా మడమలు కలిపే పడుకుని ఉన్నాడట.