రెండు కొండల వరస

బావా,

నువ్వు పోయి ఏడాది దాటింది. నా మూడో సైన్స్ ఫిక్షన్ నవల కూడా సొంతంగానే అచ్చు వేయించాను. రెండు పేజీలు తలకిందులుగా వచ్చాయి. నిన్న సీతమ్మధారలో సభ పెడితే పదకొండు మంది వచ్చారు.

నవలలో దారి తప్పిన అంతరిక్ష నౌక రెండు నక్షత్రాలను ఒకే వరసలోకి తెచ్చుకుని ఇల్లు చేరుతుంది. "ఈ ఊహ ఎలా వచ్చిందండీ?" అని ఒకాయన అడిగాడు.

"అలా తట్టిందంతే," అన్నాను.

సముద్రం మీద నీ పడవలోంచి ఒడ్డున ఉన్న కొండలు చూపిస్తూ నువ్వు చెప్పిందే అది: "ఆ రెండు కొండలూ ఒక్క వరసకొత్తే, వల ఇక్కడెయ్యాల బావా."

వెనక కుర్చీలో నీ కూతురు వింటోంది. చిన్నప్పుడు దానికీ ఆ కొండలు చూపించావు. సభ అయ్యాక దగ్గరికొచ్చింది.

"బాగా రాసినావు మావా. సంతకం సేసియ్యి, నాన్న ఫొటో కాడ పెడతాను."

పెన్ను తీశాను. నా పేరు రాయడానికి చెయ్యి రాలేదు.