నిద్రపోయాడన్న మాట

చిన్నోడికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది, చెల్లి పరీక్షలు గట్టెక్కింది, నేనూ తింటున్నాను, తిరుగుతున్నాను. నువ్వు కులాసాగా లేవని నీ ఉత్తరమే చెప్పింది కాబట్టి ఆ మాట అడగను. జవాబు తొమ్మిది రోజులు ఆలస్యమైంది. ఎందుకో నువ్వే చదువుతావు.

ముందు నువ్వడిగినవి. కొత్త బూట్లు మడమ దగ్గర కరుస్తుంటే లోపల కాస్త నూనె రాసి రెండు రోజులు గదిలోనే తొడుక్కుని తిరుగు. నీకిచ్చిన గుర్రం దూకాల్సిన అడ్డుకర్ర ముందు ఆగిపోతోందంటే తప్పు దానిది కాదు, నీ చేతులది. నువ్వు భయపడి కళ్లెం బిగిస్తున్నావు, అది ‘సరే, వద్దులే’ అనుకుంటోంది. నా గుర్రం పిడుగు కూడా అంతే. పేరుకే పిడుగు, ఎవరైనా గొడుగు తెరిస్తే వణికేది.

ఇక మూడోది. కిందపడ్డాక తల తిరుగుతోందనీ, అప్పుడప్పుడూ ఒక కర్ర రెండుగా కనిపిస్తోందనీ, మూడు వారాల్లో జట్టు ఎంపిక ఉందనీ, డాక్టర్‌కి చెబితే ఆపేస్తాడనీ రాశావు. ‘నువ్వూ పడ్డావుగా అమ్మా, నువ్వేం చేశావు?’ అనడిగావు.

నీ ఉత్తరం అందిన రోజే మీ అకాడమీ డాక్టర్‌కి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఈపాటికి నిన్ను పిలిపించే ఉంటాడు. ఎవరు చెప్పారా అని తోటివాళ్లని అనుమానించకు. నేనే. తిట్టుకో. తిట్టుకున్నాక మిగతాది చదువు.

నేను దాచాను. నువ్వు పుట్టకముందు సంగతి. జాతీయ పోటీలకి ఆరు వారాల ముందు, సాధనలో పిడుగు జారింది, నేను తలకిందులుగా పడ్డాను. ఆ తర్వాత ఉన్నట్టుండి ఎడమవైపు ప్రతిదీ రెండుగా కనిపించేది, రెప్ప వేసి తీస్తే సర్దుకునేది. గుర్రాలకి లాడాలు కొట్టే పెద్దాయన ఒక్కడే కనిపెట్టాడు. ‘మేడమ్, గుర్రం కుంటితే నాకు చూపిస్తారు. మీరు ఎవరికి చూపించుకుంటారు?’ అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. పోటీలో ఒక్క కర్రా పడలేదు. వరసగా మూడోసారి ఛాంపియన్‌ని. హాల్లో ఉన్న ఆ ఫోటోలో నేను ఇద్దరు ఫోటోగ్రాఫర్లని చూసి నవ్వుతున్నాను. అక్కడ ఉన్నది ఒక్కడే.

రెండు నెలలకి, కొండదారిలో ఆర్మీ సరుకుల లారీలు దాటించే పని ఆఫీసర్‌గా నాకు పడింది. ముందు జీపులో నేనూ, నా డ్రైవరూ. అతన్ని పాటగాడు అనేవాళ్లం, బండి ఎక్కితే కూనిరాగం ఆపేవాడు కాదు. ఆ రోజు అతనికి జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది.

‘వెనక పడుకో, నేను నడుపుతా’ అన్నాను.

‘రూలు ఒప్పుకోదు మేడమ్.’

‘ఇది ఆర్డర్.’

వెనక్కి వెళ్లి, కోటు కప్పుకుని, పది నిమిషాల్లో నిద్రపోయాడు.

మిట్టమధ్యాహ్నం. మంచూ లేదు, వానా లేదు. ఒక మలుపులో, లోయ అంచున ఎడమవైపు కట్టిన రాతి గట్టు రెండయింది. లేనిదాన్ని తప్పించబోయి ఉన్నదాన్ని గుద్దాను. నన్ను ఒక చెట్టు ఆపింది. అతన్ని లోయ అడుగు నుంచి తెచ్చారు.

ఇంతవరకే అయితే మీ నాన్నకి ఎప్పుడో చెప్పేదాన్ని. ఆసుపత్రికి విచారణకొచ్చిన అధికారి నా మంచం పక్కన కూర్చుని, ‘డ్రైవర్ నిద్రపోయాడా?’ అనడిగాడు. ‘నిద్రపోయాడు’ అన్నాను. ఆయన రాసుకున్నాడు. ఎక్కడ నిద్రపోయాడో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

అదే వారం అతని భార్య వచ్చింది, చంకలో రెండేళ్ల పిల్లతో. ‘మా ఆయన చేసినదానికి క్షమించండి మేడమ్’ అని కట్టు కట్టిన నా కాలు పట్టుకుంది. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. కాసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను మళ్లీ గుర్రం ఎక్కలేదు. గాయం వల్ల మానేశానని అందరూ అనుకున్నారు, అనుకోనిచ్చాను.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు హెడ్‌క్వార్టర్స్‌కి జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి పంపాను. పిలుస్తారు, వెళ్తాను. మీ నాన్నకీ చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మొన్న నేను పాటగాడి భార్య ఉండే ఊరికి బయల్దేరుతుంటే మాత్రం, చెప్పులేసుకుని నాతో బస్సెక్కారు.

ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్లయినా నన్ను గుర్తుపట్టి, స్టూలు తుడిచి వేసింది. నిలబడే చెప్పాను. వింటున్నంతసేపూ చేతిలో ఉన్న గుడ్డని మడతపెడుతూనే ఉంది.

‘అయితే బండి ఆయన నడపలేదు.’

‘లేదు.’

‘మా అత్తగారు పోయేదాకా కొడుకుని తిట్టుకుంటూనే ఉంది. నా పిల్లని స్కూల్లో నిద్రమొహంవాడి కూతురు అనేవాళ్లు. నేనూ ఆయన ఫోటో ముందు నిలబడి తిట్టాను మేడమ్, ఒకసారి కాదు.’ తలెత్తి చూసింది. ‘ఆఖర్న ఏమైనా అన్నాడా?’

‘లేదు. లేవనేలేదు.’

మీ నాన్న స్టూలు నా వైపు జరిపారు. ‘కూర్చోకండి’ అందామె. సందు చివర మందుల షాపులో పనిచేసే కూతుర్ని పిలుచుకొచ్చింది. ‘నాకు చెప్పినట్టే దీనికీ చెప్పండి.’ చెప్పాను. తర్వాత పక్కింటివాళ్లని, ఎదురింటి ముసలాయన్ని తీసుకొచ్చింది. కొత్తగా ఎవరు గుమ్మంలోకొచ్చినా ‘మళ్లీ మొదట్నుంచి’ అనేది. మొదట్నుంచీ చెప్పాను. ఐదోసారికి నా గొంతు పోయింది.

అప్పుడు ఆ అమ్మాయి లోపల్నుంచి నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది. ‘తాగండి’ అంది. ‘మా మేనత్త ఇంకా రావాలి.’

ఇట్లు,
మీ అమ్మ