ముప్ఫై రెండో ఫొటో

మార్చి 14, శుక్రవారం
ఉదయం 11.10

అల్లుడుగారికి,

మర్యాద తప్పకూడదు గనుక ముందు మీ క్షేమం అడుగుతున్నాను. జవాబు రాయనక్కర్లేదు. మేము బాగానే ఉన్నాం, మీరు లేకపోయినా.

అమ్మాయిని చూడటానికి రావచ్చా అని రాశారు. వద్దు. కారణాలు శ్రద్ధగా చదవండి.

దాని మెదడులో నరం చిట్లి నేటికి నూట ఇరవై మూడు రోజులు. ఆసుపత్రిలో కళ్లు తెరిచి, మిమ్మల్ని చూసి, మీరెవరండీ అని అడిగింది. మీరు వరండాలోకి వెళ్లారు. ఫోన్ మాట్లాడటానికేమో అనుకున్నాను. ఆ ఫోన్ ఇంకా అయినట్టు లేదు.

ఈలోగా అది ఎడమచేత్తో చెంచా పట్టడం నేర్చుకుంది. గోడ పట్టుకుని పదహారు అడుగులు వేస్తుంది, పట్టుకోకుండా ఏడు. దువ్వెనను మాత్రం ఇప్పటికీ తాళంచెవి అంటుంది. మొన్న మీ కూతురు, అయితే తల తాళం తీసుకోవే అమ్మా అంది. తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వారు. నేను కోప్పడ్డాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి నవ్వాను.

మాటలు నేర్పే డాక్టరమ్మ అయినవాళ్ల ఫొటోలతో ఆల్బమ్ చేయించింది. ముప్ఫై రెండు ఫొటోలు. రోజూ చూపించి, ఎవరని అడిగి, నోటుబుక్కులో మార్కులు వేస్తున్నాను. ఇరవై ఏడింటిని గుర్తుపట్టింది, పక్కింటి పిల్లితో సహా. మీకు మొదటిరోజు నుంచీ సున్నా. పిల్లిపాటి చేయని మనిషి వచ్చి ఏం ఉద్ధరిస్తారు? వెళ్లడానికి కాళ్లుంటే చాలు, రావడానికి మొహం ఉండాలి.

కాబట్టి రాకండి.

ఇట్లు,
మీ భార్యకు తల్లి

తా.క.: కవరు అంటించబోతుంటే అమ్మాయి పిలిచింది. ఆల్బమ్ చివరి పేజీలో ఖాళీ జాగా మీద వేలు పెట్టి, ఇక్కడొకాయన ఉండాలి కదమ్మా, కళ్లజోడు ఎప్పుడూ ముక్కు మీదికి జారుతుంటుంది, ఏడీ అని అడిగింది. నాకు తెలీదన్నాను.

మీ ఫొటో దానికి నేనెప్పుడూ చూపించలేదు. మొదటిరోజే తీసి నోటుబుక్కు అట్టలో దాచాను. ముప్ఫై నాలుగేళ్లు బడిలో మార్కులు వేశాను. అడగని ప్రశ్నకు సున్నా వేసింది మీ ఒక్కరికే.

మంగళవారం పదింటికి రండి. మీరెవరండీ అంటుంది. వరండాలోకి వెళ్లకుండా చెప్పండి. పొద్దున్న లేవగానే నన్నూ అదే అడుగుతుంది. ఇవాళ్టికి తొంభై ఆరోసారి చెప్పాను.