ఒడి నిండగానే

బుధవారం, రాత్రి.

నేను నూర్‌బాషా హుస్సేన్‌బీని. వయసు డెబ్భై దాటింది. సత్తెనపల్లి పక్కన కొడుకు, కోడలు, మనవరాలు రజియాతో ఉంటాను. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే రజియా రాస్తోంది. ఒక్క మాటా మార్చనని ఒట్టు వేయించుకున్నాను.

ఇవాళ దాని ఉద్యోగం నిలబడింది. పత్తి మిల్లులో పాత కంప్యూటర్‌లోని రైతుల వివరాలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించే పని దానిది. చివర్లో ఒకేసారి సేవ్ చేద్దామనుకుంటే, మొన్న మధ్యలో కరెంటు పోయి మొత్తం పోయింది. నిన్న భయపడి ఒక్కో రైతుకీ సేవ్ కొట్టింది. పని నత్తలా సాగింది. "రేపటికి అవ్వకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటాను" అన్నాడు యజమాని.

నిన్న రాత్రి ఏడుస్తూ కూర్చుంటే గదమాయించాను.

"ఏమే, పత్తి తీసేటప్పుడు కాయకాయకీ గట్టుకు పరిగెడతామా? నడుముకు కట్టిన ఒడి తెగేదాకా నింపుతామా?"

"మరి ఒడి ఎంతుండాలి నాయనమ్మా?"

"ఒలికిపోతే మళ్లీ ఏరుకోవడానికి ఏడుపు రానంత!"

ఇవాళ ఒక్కో ఊరి రైతులు ఎక్కగానే సేవ్ చేసింది. మధ్యాహ్నం కరెంటు పోనే పోయింది. అప్పుడు ఎక్కుతున్న ఊరొక్కటే పోయింది! పొద్దుగూకేలోపు పని ముగించి, నాకు పకోడీలు పట్టుకొచ్చింది.

కరెంటు పోయినా కంప్యూటర్ ఆగకుండా ఆ మిల్లులో పెట్టిన బ్యాటరీ పాడైతే, ఇంకా మార్చలేదట. రేపు మళ్లీ...

ఇక్కడ లైటు మినుకుమంటోంది. ఇంతవరకు చెప్పినదానికి ముద్ర వేసేస్తాను. మిగతా గొప్పలు తర్వాత. వీధిలో ఎవరూ కాదనకుండా సాక్షులను కూడా పెడుతున్నాను.

హుస్సేన్‌బీ వేలిముద్ర.

సాక్షులు: మనవరాలు రజియా, పకోడీలు తింటున్న పక్కింటి సుబ్బులు.