కమ్యూనిటీ హాల్లో నీ మూడు రౌండ్లు

మణుగూరు,
బుధవారం.

ఉషకు,

నీ హీరాలాల్ ప్రేమతో రాస్తున్నాను. ఇక్కడ మా అమ్మ, మన బిడ్డ సువర్ణ, నేను ముగ్గురమూ బాగున్నాం. కనుబొమ్మ మీద కుట్లు పడ్డా కంటికి ఏమీ కాలేదని మీ కోచ్ గారు చెప్పాకే మాకు అన్నం సహించింది. నువ్వు వేళకు తింటున్నావనీ, కొన్నాళ్ళైనా ఆ జిమ్ వైపు పోకుండా పడుకుంటున్నావనీ అనుకుంటున్నాను.

బెంగుళూరు శిక్షణ క్యాంపులో ఫోన్లు తీసేసుకున్నప్పుడు మనకు ఈ ఉత్తరాల అలవాటు పడింది. ఇప్పుడు ఫోన్ నీ చేతికి వచ్చింది, మాట్లాడుకుంటూనే ఉన్నాం. అయినా కాగితం ఎందుకు తీశానంటే, నోటితో చెప్పలేని మాట ఒకటి ఉంది. అది తర్వాత. పోటీకి ముందు నువ్వు రాసిన ఉత్తరం మొన్న సోమవారం అందింది. ముందు దానికి జవాబులు.

సువర్ణ పన్ను ఊడింది. జామకాయ కొరుకుతుంటే దాంతోపాటే వచ్చేసింది. నువ్వు వచ్చి చూడాలని అగ్గిపెట్టెలో దాచింది. అమ్మ మోకాలి నొప్పికి దవాఖానాలో నూనె ఇచ్చారు. రాసుకోమంటే రాసుకోదు, అడిగితే తగ్గిందంటుంది. మొన్న శనివారం మాత్రం ఆ మోకాలితోనే ఎగిరింది, నా కళ్ళతో చూశాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. "గెలిచినా ఓడినా, చూసేటప్పుడు మనవాళ్ళు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. నెట్‌లో కామెంట్లు నేనే చదువుకుంటా" అన్నావు. ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

సాయంత్రం ఆరున్నరకు మా బొగ్గుగని కాలనీ కమ్యూనిటీ హాల్లో చూశాం. ఏర్పాటంతా ప్రేమ్‌సాగర్‌ది. మా దగ్గర కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్, గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ కలిసిన ఈ పోటీలంటే ప్రాణం పెడతాడు. గోడకు తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టాడు. నొచ్చుకోకు ఉషా, అతను పెట్టింది నీ కోసం కాదు, నీతో తలపడే ముంబై అమ్మాయి కోసం. ఆమె బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని మరీ వచ్చాడు. నూట యాభై మంది దాకా పోగయ్యారు. ఎదుటి మనిషి ఖమ్మం వైపు ఆమె అని తెలిసి కొందరు, బయట వాన పడుతోందని కొందరు.

ముంబై అమ్మాయి వచ్చేటప్పుడు దీపాలు ఆర్పి, పొగ వదిలి, పాట పెట్టారు. నువ్వు మామూలు వెలుతురులో, జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచి వచ్చావు. "గీమె సామాన్లు మోసేటామె అనుకున్న" అని ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. అక్కడుండి నేనెందుకు ఊరుకున్నానని అడుగుతావు. చివర చెప్పేది అదే.

సారంగపాణి అన్న గురించి నీకు రాశాను కదా, బొగ్గు మోసే డంపర్ మీద నాకు పని నేర్పిన పెద్దాయన. ఆయన ఇలాంటి పోటీ చూడటం ఇదే మొదలు.

"ఇద్దరికీ ఎంతెంత ఇస్తరురా?" అని ప్రేమ్‌సాగర్‌ను అడిగాడు.

"ముంబై ఆమెకు ఈమె కన్న పదింతలు, కాకా."

"గదేంది? ఇద్దరు తినేటి గుద్దులు ఒక్కటే గదా. ఒక్క బొగ్గుబాయిల దిగినోళ్ళకు ఒకనికి రూపాయి, ఒకనికి పది ఇస్తరా?"

"గుద్దులకు కాదు కాకా పైసలు. జనం ఎవల్ని చూడనీకి వస్తరో వాళ్ళకు. నెట్‌ల ఆమె వెనక ఇరవై లక్షల మంది ఉన్నరు. ఈమెను ఎవలు చూస్తున్నరు చెప్పు."

"నేను చూస్తున్న గదరా" అన్నాడు సారంగపాణి అన్న.

అక్కడి నుంచి ఆయన నీ పక్షం.

మొదటి రౌండ్ ఎలా పోయిందో నీకు నేను చెప్పనక్కర్లేదు. ఆమె చెయ్యి నీ కనుబొమ్మను చీల్చినప్పుడు ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. వెనక నిలబడ్డ కుర్రాళ్ళు ఈలలు వేశారు. "అయిపాయె, రెండో రౌండ్ల పడుతది" అన్నాడు ప్రేమ్‌సాగర్. నువ్వు స్టూలు మీద కూర్చున్న ఆ ఒక్క నిమిషంలో ఇక్కడ హాల్లో ఒకటి జరిగింది. దాన్ని ఇప్పటికి దాటేస్తున్నాను. రెండో రౌండుకు గంట కొట్టేసరికి మాత్రం ఆ హాలు అంతకుముందటి హాలు కాదు.

ఆమె కాలెత్తింది. నువ్వు ఆ కాలును చంక కింద ఇరికించి, నడుము తిప్పి, కింద పడేశావు. హాల్లో ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు సారంగపాణి అన్న కుర్చీ మీది నుంచి లేచాడు. "ఓరి, గిది కబడ్డీ పట్టు గదరా. మనోళ్ళ పట్టు."

ఇక చూసుకో. ఈ కాలనీలో కబడ్డీ ఆడని మగవాడు లేడు. నీ ఆట అప్పుడు వాళ్ళ చేతికి దొరికింది. "ఇడవకు, మోకాలు పట్టు, భుజం అదుము" అని తలా ఒక సలహా. నాలుగు నిమిషాలు నువ్వామెను లేవనివ్వలేదు. ప్రేమ్‌సాగర్ ఫోన్‌లో కామెంట్లు చూసి, "బోర్ కొడ్తున్నది, లేచి కొట్టుకోండ్రని రాస్తున్నరు" అన్నాడు. పక్కింటి పున్నమ్మక్క ఊరుకోలేదు. "మీద గట్ల మనిషి కూసుంటే లేచి చూపియ్యమను, ఆ రాసేటోణ్ణి" అంది.

మూడో రౌండులో ఆమె పగబట్టినట్టు మీదికి వచ్చింది. నువ్వు రెండు తిన్నావు, మూడోది తప్పించుకున్నావు, ఆమె వెనకకు చేరావు. మెడ చుట్టూ చెయ్యి వేశావు. అది బిగుస్తోందని నాకు నీ దవడ చూసి తెలిసింది. మన పెళ్ళైన కొత్తలో బావిలో మోటారు దించేటప్పుడు తాడు పట్టుకుని నువ్వు దవడ అలాగే పెట్టావు. ఆమె నీ చేతి మీద తట్టింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"తట్టింది, ఒప్పుకున్నది, అయిపోయింది" అని ప్రేమ్‌సాగర్ అరిచిన అరుపు మాలో ఎవరికీ వినపడలేదు. అమ్మ ఎగిరింది. పున్నమ్మక్క అమ్మను ఎత్తుకున్నంత పని చేసింది. షిఫ్టుకు వెళ్ళాల్సిన వాళ్ళు హెల్మెట్లు గోడకేసి కొట్టారు. సారంగపాణి అన్న ఒక్కడే కదలకుండా నిలబడి, నిన్నే చూస్తూ చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. ప్రేమ్‌సాగర్ ఆ టీషర్టు విప్పి, తిరగేసి, బొమ్మ లోపలికి పోయేలా వేసుకున్నాడు. ముంబై అమ్మాయి వచ్చి నీ తల తన భుజానికి ఆనించుకున్నప్పుడు మళ్ళీ మామూలుగా వేసుకున్నాడు. "ఆమె గూడ మంచిదే" అన్నాడు.

ఇప్పుడు దాటేసిన మాట రాస్తాను. చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

ఏడాది కిందట నేను బదిలీ మీద ఇక్కడికి వచ్చిన మొదటి వారంలో, నీ పాత ఓటమి వీడియో ముక్క ఒకటి క్యాంటీన్‌లో ఫోన్ నుంచి ఫోన్‌కు తిరిగింది. నువ్వు కింద పడి లేవలేకపోయిన పది సెకన్లు. మళ్ళీ మళ్ళీ పెట్టుకుని నవ్వారు. అదే బల్ల దగ్గర ఒకతను, "మీ ఇంటామె ఏం చేస్తది?" అని నన్ను అడిగాడు. "బెంగుళూరుల బడిపిల్లలకు ఆటలు నేర్పుతది" అన్నాను. ఈ కాలనీలో నిన్ను చూసినవాళ్ళు లేరు, ఏడాదంతా అదే చెప్పాను. నీ పరువు కోసమని మొదట్లో నాకు నేను చెప్పుకున్నాను. కాదు ఉషా, నన్ను చూసి నవ్వుతారన్న భయం.

పోటీ రోజు ఇంట్లోనే చూద్దామంటే సిగ్నల్ ఆగి ఆగి వస్తోంది. హాలుకు బయల్దేరే ముందు సువర్ణను కూర్చోబెట్టి, "అక్కడ అమ్మను చూసి అరవొద్దు, ఎవరడిగినా తెలియదని చెప్పు" అన్నాను. మా అమ్మ విన్నది. నా మొహం వంక చూసి, చెప్పులు వేసుకుంది. ముగ్గురం వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాం.

మొదటి రౌండ్ అయ్యాక నీ నెత్తురు తుడుస్తున్నారు. నా ముందున్నవాడు, "ఈమె మొగుడెవడో గాని సిగ్గులేనోడు, పెండ్లాన్ని తన్నించి తింటున్నడు" అన్నాడు. ఆ మాటకు కూడా నేను లేవలేదు. తల దించుకున్నాను. దించుకున్నప్పుడు పక్కన సువర్ణ కనబడింది. రెండు చేతులూ నోటి మీద అదుముకుని కూర్చుంది. కన్నీళ్ళు వేళ్ళ మీదుగా కారుతున్నాయి. చప్పుడు లేదు. ఆరేళ్ళ పిల్ల, నేను చెప్పిన మాట నిలబెడుతోంది.

లేచాను. ఎలా లేచానో తెలియదు.

"ఆమె పేరు ఉషారాణి. నా పెండ్లాం. గీ పిల్ల ఆమె బిడ్డ. ఏడాది సంది మీకు అబద్ధం చెప్పిన. ఆమె బడిల టీచర్ కాదు, గదే ఆమె పని."

సువర్ణ చేతులు నోటి మీది నుంచి నేనే తీశాను. "పిలువు బిడ్డా" అన్నాను. అమ్మా అని కూడా కాదు, ఇంట్లో పిలిచినట్టే, "యాడీ" అని అరిచింది. ఆ పిలుపు నీకు ఎలా వినపడుతుంది, వందల మైళ్ళ దూరం. కానీ గంట కొట్టింది, నువ్వు స్టూలు మీది నుంచి లేచావు.

సారంగపాణి అన్న మా దగ్గరికి వచ్చాడు. "ముందుకు రాండ్రి. వెనక కూసునేటోళ్ళా మీరు" అని పిల్లను ఎత్తుకుని మొదటి వరసకు తీసుకుపోయాడు. ఆ మాటన్నవాడు మళ్ళీ మా వైపు తిరగలేదు. పోటీ అయ్యాక గేటు దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. నేను విడిపించుకోలేదు. వాడన్న దాంట్లో సిగ్గులేదన్న ముక్క అబద్ధం కాదు.

మర్నాడు డంపర్ల దగ్గర సారంగపాణి అన్న ఒక్కటే అడిగాడు. "ఆమె ఓడిపోతే చెప్పేటోనివా?"

"చెప్పినప్పుడు ఓడిపోతనే ఉన్నది గదన్నా" అన్నాను.

ఆయన తలూపాడు. ఆ జవాబు నాకు కొంచెం ఊపిరి ఇచ్చింది. నీకు మాత్రం అది చాలదని తెలుసు. ఏడాది ఆలస్యం ఏడాదే. కోపం వస్తే కోపపడు, తిట్టాలనిపిస్తే తిట్టు. పిల్లతో చేతులు నోటికి పెట్టించినందుకు ఎంత తిట్టినా పడతాను.

ఆదివారం ఫోన్‌లో ఆ పోటీలు పెట్టే కంపెనీవాళ్ళ కొత్త ఒప్పందం గురించి అడిగావు. మన లంబాడీ తండా బట్టలతో రావాలనీ, "అడవి పులి" అని పేరు పెడతామనీ, అప్పుడే పెద్ద డబ్బనీ అన్నారట. అమ్మకు చెప్పాను. "పేటియా, కాంచళి మనం తీజ్ పండుగకు కట్టేటివి. కోడలికి కట్టుకోవాలనిపిస్తే కట్టుకోని. వాళ్ళు కట్టుమంటే కట్టేది కాదు" అంది. నా మాటా అదే. ఇరవై లక్షల మంది వెనకున్న మనిషిని నువ్వు పట్టి కింద పెట్టావు. ఇప్పుడు ఆమెకిచ్చినంత అడుగు. పేరు మాత్రం మీ నాన్న పెట్టిందే ఉంచమను. కామెంట్లలో ఇప్పుడు అందరూ అడిగేది ఆ పేరే అని ప్రేమ్‌సాగర్ రోజూ చదివి వినిపిస్తున్నాడు.

కాలనీవాళ్ళు ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం నిన్ను రైలు స్టేషన్ నుంచి డప్పులతో తీసుకురావాలని తీర్మానించారు. వద్దంటే వినేలా లేరు. బ్యానర్ కూడా రాయిస్తున్నారు. పైన నీ బొమ్మ, నీ పేరు, దాని కింద మణుగూరు అని. నిన్న పెయింటర్ దగ్గర సారంగపాణి అన్న, "కింద భర్త హీరాలాల్ అని వేద్దమా?" అని అడిగాడు. పెయింటర్ కుంచె పట్టుకుని నా నోటి వంక చూస్తున్నాడు. వేయమనాలని ఎంత ఉన్నా, నేను అనలేకపోయాను. "ఆమెను అడిగి చెప్త, అప్పటిదాక ఆ జాగ ఖాళీ ఉంచుండ్రి" అన్నాను.

వచ్చే వారం శుక్రవారం లోపల చెప్పాలట, ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి. నువ్వు వద్దన్నా స్టేషన్‌లో అందరికన్నా ముందు నిలబడేది నేనే.

ఇట్లు,
సువర్ణ నాన్న,
నీ హీరాలాల్.